డీ అండ్ డీ లో సొంత సబ్‌క్లాస్ రాయడం ఎలా: బుర్రకథ బార్డ్ ఉదాహరణతో

"అన్నా, నా క్యారెక్టర్‌కి పుస్తకంలో ఉన్న క్లాసులేవీ సెట్ అవ్వట్లేదు, సొంతంగా ఒకటి రాస్కుంటే డీఎం (ఆట నడిపే డంజన్ మాస్టర్) ఒప్పుకుంటాడా?" డంజన్స్ అండ్ డ్రాగన్స్ (మాటలతో, పాచికలతో ఆడే కథల ఆట) మొదలుపెట్టిన కొన్నాళ్లకి దాదాపు అందరూ అడిగేది ఇదే. ఒక్కొక్కళ్లకి విడిగా చెప్పేకన్నా మొత్తం ఒకచోట పెడదామని రాస్తున్నా. ఒప్పుకుంటాడు. కాకపోతే మీరు రాసింది మీరు పక్కన లేకపోయినా ఇంకొకళ్లు చదివి ఆడగలిగేలా ఉండాలి, టేబుల్ మీద మిగతావాళ్ల సరదాకి అడ్డం రాకూడదు. కింద చెప్పేదంతా ఈ రెండింటి కోసమే.

ఒక మాట ముందే చెప్తా. పూర్తి క్లాస్ రాయొద్దు, సబ్‌క్లాస్ రాయండి. క్లాస్ అంటే ఫైటర్, విజార్డ్, బార్డ్ లాంటి క్యారెక్టర్ వృత్తి, సబ్‌క్లాస్ అంటే అందులో ఒక శాఖ. పూర్తి క్లాస్ అంటే 20 లెవల్స్, హిట్ డై, సేవింగ్ త్రోలు, ఆర్మర్, స్పెల్ లిస్ట్ అన్నీ మీరే లెక్క కట్టాలి. సబ్‌క్లాస్ అయితే మూడు నుంచి ఐదు ఫీచర్లు (లెవల్ పెరిగేకొద్దీ వచ్చే ప్రత్యేక శక్తులు) రాస్తే చాలు, మిగతా బరువంతా అసలు క్లాసే మోస్తుంది. నా దగ్గరికి "కొత్త క్లాస్ కావాలి" అని వచ్చినవాళ్లలో ఎక్కువమందికి నిజంగా కావాల్సింది సబ్‌క్లాసే, కొంతమందికైతే అదీ అక్కర్లేదు, ఉన్నదాని పేరు, వర్ణన మార్చుకుంటే సరిపోతుంది. ఫైర్‌బాల్ మంత్రాన్ని మీ విజార్డ్ చేతిలో కాగడాలాగా వర్ణించడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, రూల్ ఏమీ మారదు కదా. అలా పని జరిగిపోతే ఇక్కడితో ఆపేసి హాయిగా వెళ్లి ఆడుకోండి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

మీరు ఆడే ఎడిషన్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్. కొనలేదంటే ఎస్ఆర్‌డీ (మూల రూల్స్ ఉన్న పత్రం) పీడీఎఫ్ ఫ్రీగా దొరుకుతుంది, 5.1 వెర్షన్ 2023 జనవరిలో, 5.2 వెర్షన్ 2025 లో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద వచ్చాయి. అందులో ఒక్కో క్లాస్‌కి ఒక్కో సబ్‌క్లాసే ఉంటుంది (బార్డ్‌కి లోర్, ఫైటర్‌కి ఛాంపియన్, రోగ్‌కి థీఫ్ ఇలా), పోల్చి చూసుకోవడానికి అది మంచి మొదలు. ఇంకా ఒక నోట్‌బుక్, ఫోన్‌లో క్యాలిక్యులేటర్, మీరు రాసింది మొహమాటం లేకుండా చదివే ఒక ఫ్రెండ్. ఈ ఫ్రెండ్ దొరకడమే కష్టం, ముందే మాట్లాడి పెట్టుకోండి.

1. ఏ ఎడిషనో తేల్చుకోండి

2014 రూల్స్‌లో క్లెరిక్, సోర్సరర్, వార్‌లాక్‌లకి సబ్‌క్లాస్ 1వ లెవల్లోనే వచ్చేది, డ్రూయిడ్‌కి, విజార్డ్‌కి 2లో, మిగతావాళ్లకి 3లో. 2024 రూల్స్‌లో అందరికీ 3వ లెవల్లోనే. పాత హోమ్‌బ్రూ (ఆటగాళ్లు సొంతంగా రాసుకున్నది) ఒకటి డౌన్‌లోడ్ చేసి దాన్నే మార్చి వాడేద్దాం అనుకునేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు, 1వ లెవల్ ఫీచర్‌ని కొత్త రూల్స్‌లో ఎక్కడ పెట్టాలో తెలీక రెండు ఫీచర్లు కలిపి 3వ లెవల్లో కుక్కేస్తారు, దాంతో 3వ లెవల్ బరువెక్కిపోతుంది. మీ గ్రూప్‌లో సగం మంది పాత పుస్తకం, సగం మంది కొత్త పుస్తకం వాడుతుంటే ముందు ఆ పంచాయితీ తేల్చండి.

2. ఒక్క వాక్యం రాయండి

"నా సబ్‌క్లాస్ తీసుకున్నవాడు టేబుల్ మీద ____ చేస్తాడు, అది వేరే ఎవరూ అలా చేయరు." ఈ ఖాళీలో నింపాల్సింది ఒక పని. గుణం కాదు, కథ కాదు, బ్యాక్‌స్టోరీ అసలే కాదు. "శాపగ్రస్తుడైన రాజకుమారుడు" అని రాస్తే అందులోంచి ఒక్క ఫీచర్ కూడా రాదు. "తన రక్తం ఖర్చు పెట్టి పక్కవాడి దెబ్బ తను తీసుకుంటాడు" అంటే అందులోంచి మూడు ఫీచర్లు వాటంతటవే వస్తాయి.

నేను బుర్రకథ తీసుకుంటున్నా, ఎందుకంటే బుర్రకథ చూసినవాళ్లకి దాని పద్ధతి తెలుసు. మధ్యలో తంబుర పట్టుకుని కథకుడు, రెండు పక్కలా గుమ్మెటలతో ఇద్దరు వంతలు. కథకుడు ఒక చరణం ఎత్తుకుంటే వంతలు "తందాన తాన" అని అందుకుంటారు. ఆ ఇద్దరిలో ఒకళ్లు హాస్యం, ఇంకొకళ్లు రాజకీయం. కథకుడొక్కడే పాడితే అది బుర్రకథ కాదు, అందుకునేవాళ్లు ఉండాలి. ఆటలో పాటతో తోటివాళ్లకి బలమిచ్చే క్లాస్ బార్డ్, వాళ్ల రోల్‌కి కలుపుకోమని ఇచ్చే అదనపు పాచికే (డై) ఇన్‌స్పిరేషన్. కాబట్టి నా వాక్యం ఇది: "నా బార్డ్ ఒకరికి ఇన్‌స్పిరేషన్ ఇస్తే, పక్కనున్న ఇంకొకరు దాన్ని అందుకుంటారు."

చూశారా, తంబుర గురించి, పంచెకట్టు గురించి ఒక్క ముక్క కూడా లేదు. అవి వర్ణనలోకి వెళ్తాయి, రూల్‌లోకి వచ్చేది ఆ అందుకోవడం ఒక్కటే.

3. అసలు క్లాస్ ఎంచుకుని, లెవల్స్ రాసుకోండి

ఏ క్లాస్ అనేది మీ వాక్యంలో ఉన్న పనిని బట్టే ఉంటుంది. సబ్‌క్లాస్ ఫీచర్లు ఏ లెవల్స్‌లో పడతాయో పుస్తకం చూసి పేపర్ మీద గీసుకోండి. బార్డ్‌కి 3, 6, 14. ఫైటర్‌కి 3, 7, 10, 15, 18. రోగ్‌కి 3, 9, 13, 17. బార్బేరియన్‌కి 3, 6, 10, 14. ఈ గడులు దాటి "5లో కూడా ఒక చిన్నది ఇద్దాం" అని మొదలుపెట్టొద్దు. 5వ లెవల్లో ఫైటర్‌కి ఎక్స్‌ట్రా ఎటాక్ వస్తుంది, విజార్డ్‌కి 3వ లెవల్ స్పెల్స్ వస్తాయి, అక్కడ ఖాళీ వదిలింది కావాలనే.

రోగ్‌కి 3 తర్వాత మళ్లీ 9 దాకా ఏమీ రాదు గమనించారా. అంటే రోగ్ సబ్‌క్లాస్‌లో 3వ లెవల్ ఫీచరే ఆరు లెవల్స్ పాటు మోయాలి. మీ క్యాంపెయిన్ (చాలా సెషన్ల పాటు నడిచే ఒకే కథ) 8వ లెవల్‌కే ఆగిపోతే ఆ ఆటగాడు చూసే సబ్‌క్లాస్ మొత్తం అదే. కాబట్టి 14, 17, 18 లెవల్ ఫీచర్ల మీద రాత్రుళ్లు కూర్చుని తలబద్దలు కొట్టుకోవద్దు, 3వ లెవల్ మీద పెట్టండి ఆ టైమ్.

4. కొలబద్ద పెట్టుకోండి

అదే క్లాస్‌లో పుస్తకంలో ఉన్న రెండు సబ్‌క్లాసులు పక్కన పెట్టుకోండి. అన్నిటికన్నా బలమైనదీ వద్దు, బలహీనమైనదీ వద్దు. బాగా బలమైన వార్‌లాక్ సబ్‌క్లాస్ హెక్స్‌బ్లేడ్‌ని కొలబద్దగా పెట్టుకుంటే మీరు ఏం రాసినా బాలెన్స్‌డ్‌గానే కనిపిస్తుంది, బలహీనమైన 2014 ఛాంపియన్‌ని పెట్టుకుంటే ఏం రాసినా ఓవర్‌పవర్డ్‌గా కనిపిస్తుంది.

బార్డ్‌కి నేను లోర్, గ్లామర్ తీసుకున్నా. లోర్‌కి 3వ లెవల్లో మూడు స్కిల్ ప్రొఫిషియెన్సీలు, దాంతో పాటు కటింగ్ వర్డ్స్, అంటే రియాక్షన్‌తో (తన టర్న్ కాకపోయినా చేయగల ఒక పని) ఒక ఇన్‌స్పిరేషన్ ఖర్చు పెట్టి శత్రువు రోల్‌లోంచి ఆ డై తీసేయడం. గ్లామర్‌కి 2014 రూల్స్ వైపు వెర్షన్‌లో ఒక ఇన్‌స్పిరేషన్ ఖర్చు పెడితే కరిజ్మా మాడిఫయర్ (స్కోరుని బట్టి వచ్చే బోనస్, 18 అయితే 4) అంతమందికి తలా 5 టెంపరరీ హిట్ పాయింట్లు (అసలు ప్రాణం కన్నా ముందు పోయే తాత్కాలిక ప్రాణం), బార్డ్ 5వ లెవల్‌కి వచ్చాక తలా 8, పైగా వాళ్లు రియాక్షన్ వాడి ఆపర్చునిటీ ఎటాక్ (దూరంగా జరుగుతుంటే శత్రువు కొట్టే దెబ్బ) తగలకుండా కదలొచ్చు. ఈ రెండూ చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. బార్డ్ సబ్‌క్లాసులు ఇన్‌స్పిరేషన్ ఖర్చు పెట్టడానికి కొత్త దారి చూపిస్తాయి, ఫ్రీగా ఎక్కువ డైలు ఇవ్వవు. ఇది ఎక్కడా రూల్‌లా రాసి ఉండదు, పోల్చి చూస్తేనే కనపడుతుంది.

5. మొదటి డ్రాఫ్ట్ రాసి వెంటనే లెక్క వేయండి

మనసులో మొదట వచ్చే ఐడియా ఇలా ఉంటుంది: "మీరు ఒకరికి ఇన్‌స్పిరేషన్ ఇచ్చినప్పుడు, వంత (దాన్ని అందుకునే ఇంకొకరు) కూడా ఒక ఇన్‌స్పిరేషన్ డై పొందుతారు." వినడానికి బావుంది, థీమ్‌కి అతికినట్టుంది. ఇప్పుడు లెక్క చూడండి. 5వ లెవల్ బార్డ్, కరిజ్మా 18, అంటే 4 ఇన్‌స్పిరేషన్లు. 5వ లెవల్ నుంచి షార్ట్ రెస్ట్‌కి (క్యారెక్టర్లు కాసేపు తీసుకునే విశ్రాంతి) కూడా తిరిగి వస్తాయి, రోజుకి రెండు షార్ట్ రెస్టులు అనుకుంటే 12 డైలు. ఈ ఫీచర్‌తో అవి 24. ఖర్చు ఏమీ లేదు, రియాక్షన్ లేదు, స్పెల్ స్లాట్ లేదు. క్లాస్ మొత్తానికి ముఖ్యమైన వనరునే డబుల్ చేసేశాం. కొలబద్ద పక్కన పెడితే ఇది ఎక్కడా నిలబడదు.

ఇప్పుడు మార్చిన వెర్షన్: డై ఒక్కటే ఉంటుంది, అది తీసుకున్నవాళ్లు వేసినప్పుడు, దాని మీద ఎంత పడితే అన్ని టెంపరరీ హిట్ పాయింట్లు వంతకి వస్తాయి. 3వ లెవల్లో డీ6 (ఆరు ముఖాల పాచిక), సగటు 3.5. 5లో డీ8, సగటు 4.5. 12 సార్లూ వాడితే రోజు మొత్తానికి 54, అదీ పైసా వేస్ట్ కాకుండా పోతే. టెంపరరీ హిట్ పాయింట్లు ఒకదానిమీద ఒకటి కలవవు కాబట్టి నిజంగా ఆడేటప్పుడు అంతకన్నా తక్కువే. గ్లామర్ అదే 5వ లెవల్లో ఒక్కసారికే నలుగురికి తలా 8, అంటే 32 ఇస్తోంది, కానీ అక్కడ ఎవరి రోల్‌కీ డై కలవదు, మనదాంట్లో కలుస్తుంది. రెండూ ఒకే వీధిలో ఉన్నట్టే. ఇది ఉంచొచ్చు.

దీనికి తోడు హిస్టరీ, పర్సుయేషన్ ప్రొఫిషియెన్సీలు ఇచ్చాను, లోర్‌కి మూడు ఉన్నాయి కాబట్టి రెండు ఎక్కువేం కాదు.

కొట్టే క్లాస్ అయితే లెక్క ఎలా

బార్డ్‌కి డామేజ్ లెక్క పెద్దగా అక్కర్లేదు గానీ ఫైటర్, బార్బేరియన్, రోగ్ రాసేవాళ్లకి ఇది తప్పదు. పద్ధతి చాలా తేలిక. తగిలే ఛాన్స్ 65 శాతం అని పెట్టుకోండి, అంటే డీ20 మీద 8 లేదా ఎక్కువ కావాలి. 5వ లెవల్ ఫైటర్, స్ట్రెంత్ 18, గ్రేట్‌స్వోర్డ్ తీసుకుందాం. 2డీ6 సగటు 7, మాడిఫయర్ 4, మొత్తం 11. దీన్ని 0.65 తో గుణిస్తే 7.15. క్రిట్ (డీ20 మీద 20 పడటం) 5 శాతం, అప్పుడు డైలు డబుల్, 7 ఇంటూ 0.05 అంటే 0.35. ఒక దెబ్బకి 7.5, రెండు దెబ్బలకి రౌండ్‌కి 15. ఇదే మీ బేస్‌లైన్, గోడమీద రాసి పెట్టుకోండి.

ఇప్పుడు మీ సబ్‌క్లాస్ "ప్రతి దెబ్బకీ అదనంగా 1డీ6" ఇస్తోంది అనుకుందాం, చిన్నదిగానే కనిపిస్తుంది. రెండు దెబ్బలకి కలిపి రౌండ్‌కి దాదాపు 4.9 పెరుగుతుంది, 15 కాస్తా 20 అయింది, అంటే మూడోవంతు పెరిగింది. నాలుగు రౌండ్ల ఫైట్‌కి 20 డామేజ్, షార్ట్ రెస్ట్ లోపల రెండు ఫైట్లు అయితే 40. అదే లెవల్లో బాటిల్ మాస్టర్ అనే ఫైటర్ సబ్‌క్లాస్‌కి షార్ట్ రెస్ట్‌కి 4 సుపీరియారిటీ డైలు, ఒక్కోటి డీ8, మొత్తం సగటు 18. మీది రెండింతలు దాటింది, పైగా లెక్క పెట్టుకోవాల్సిన పని కూడా లేదు. బాటిల్ మాస్టర్‌కి డామేజ్‌తో పాటు పడగొట్టడం, భయపెట్టడం లాంటివి వస్తాయి నిజమే, అయినా తేడా చాలా ఎక్కువ. "టర్న్‌కి ఒక్కసారి" అని చేర్చండి, చాలావరకు దారిలోకి వస్తుంది.

అడ్వాంటేజ్‌ని (రెండు డీ20లు వేసి పెద్దది తీసుకోవడం, డిస్‌అడ్వాంటేజ్ అయితే చిన్నది) కూడా చిన్నచూపు చూడొద్దు. 65 శాతం తగిలేది అడ్వాంటేజ్‌తో దాదాపు 88 శాతం అవుతుంది, అంటే ఎప్పుడూ +4 కి పైగా బోనస్ ఇచ్చినట్టే. ఇదే బోనస్‌తో మ్యాజిక్ కత్తి ఇవ్వమంటే ఏ డీఎం ఇస్తాడు చెప్పండి.

6. పై లెవల్స్‌లో కొత్త ఐడియా పెట్టొద్దు, పాతదాన్నే పెంచండి

3లో ఒకటి, 6లో ఇంకేదో, 14లో మరేదో అని మూడు వేరే వేరే ఫీచర్లు పెడితే ఆడేవాడికి దేన్నీ గుర్తుపెట్టుకోవడం కుదరదు. బుర్రకథలో నేను ఇలా పెంచాను:

6వ లెవల్, హాస్యం-రాజకీయం: వంతకి టెంపరరీ హిట్ పాయింట్లు వచ్చినప్పుడు, వంత తనకి 30 అడుగుల లోపల ఉండి తన మాట వినపడే ఒక శత్రువుని ఎంచుకోవచ్చు. ఆ శత్రువు బార్డ్ స్పెల్ సేవ్ డీసీ (తట్టుకోవాలంటే అందుకోవాల్సిన అంకె) మీద విజ్డమ్ సేవ్ వేయాలి. ఫెయిలైతే రెండిట్లో ఒకటి, ఏదనేది వంత ఇష్టం. హాస్యం అయితే ఆ శత్రువు తన తర్వాతి టర్న్ అయ్యేలోపు వేసే మొదటి ఎటాక్ రోల్‌కి డిస్‌అడ్వాంటేజ్. రాజకీయం అయితే ఆ శత్రువు తన తర్వాతి టర్న్ మొదలయ్యేదాకా రియాక్షన్ తీసుకోలేడు.

ఇది ఎక్కువా అంటే, వీషియస్ మాకరీ అనే క్యాంట్రిప్ 1వ లెవల్ నుంచే ఇలాంటి డిస్‌అడ్వాంటేజ్ ఇస్తుంది, ఎన్నిసార్లయినా వాడొచ్చు, కానీ దానికి యాక్షన్ ఖర్చు. ఇక్కడ యాక్షన్ లేదు, ఇన్‌స్పిరేషన్ ఖర్చు ఉంది. 6వ లెవల్లో లోర్‌కి వేరే క్లాసుల స్పెల్స్ రెండు వస్తాయి, ఇంకో బార్డ్ సబ్‌క్లాస్ వేలర్‌కి ఎక్స్‌ట్రా ఎటాక్ వస్తుంది, వాటి పక్కన ఇది తక్కువేం కాదు, మరీ ఎక్కువా కాదు. ఇందులో నాకు బాగా ఇష్టమైన సంగతి ఏంటంటే శత్రువుని ఎంచుకునేది బార్డ్ ఆడేవాడు కాదు, వంత. వేరే ఆటగాడి చేతికి ఒక నిర్ణయం వెళ్తోంది, వాడు ఫోన్ చూసుకోకుండా ఆటలో ఉంటాడు.

14వ లెవల్, పూర్తి దళం: ఒకరి బదులు ఇద్దరు వంతలని ఎంచుకోవచ్చు. ఇద్దరికీ టెంపరరీ హిట్ పాయింట్లు వస్తాయి, ఒకరు హాస్యం తీసుకుంటే రెండోవారు రాజకీయమే తీసుకోవాలి. అంతే, ఇంకేం కలపలేదు.

7. రూల్ వాక్యం రాయడం

మంచి ఐడియాలు కూడా ఎక్కువగా చచ్చిపోయేది ఇక్కడే. రాసిన ప్రతి ఫీచర్‌నీ ఈ ప్రశ్నలు అడగండి: ఎవరు? ఎప్పుడు? ఏం ఖర్చు, యాక్షనా, బోనస్ యాక్షనా (యాక్షన్‌తో పాటు అదే టర్న్‌లో చేసే చిన్న పని), రియాక్షనా, ఏదీ కాదా? ఎంత దూరం? ఎంతసేపు? సేవ్ ఉందా? ఎన్నిసార్లు, మళ్లీ ఎప్పుడు వస్తుంది?

"బార్డ్ పాట పాడితే పక్కన ఉన్న వంతలో ఉత్సాహం నిండి కొంత రక్షణ కలుగుతుంది" అన్న వాక్యాన్ని ఆ ప్రశ్నలు అడగండి, ఒక్కదానికీ సమాధానం రాదు. ఇలా రాయాలి:

"వంత. మీరు ఎవరికైనా బార్డిక్ ఇన్‌స్పిరేషన్ ఇచ్చినప్పుడు, మీకు 60 అడుగుల లోపల ఉండి మీ మాట వినపడే ఇంకొక జీవిని వంతగా ఎంచుకోవచ్చు. మీరు గానీ, ఆ ఇన్‌స్పిరేషన్ తీసుకున్న జీవి గానీ వంత కాకూడదు. ఆ డై వేసినప్పుడు, వంత మాట్లాడగలిగే స్థితిలో ఉంటే, డై మీద పడిన సంఖ్యకి సమానంగా టెంపరరీ హిట్ పాయింట్లు పొందుతుంది. డై వాడకముందే గడువు అయిపోతే దానితో పాటు వంత కూడా రద్దవుతుంది."

ఇందులో ప్రతి ముక్కకీ పని ఉంది. "మీరు గానీ" అని లేకపోతే బార్డ్ ప్రతిసారీ తననే వంతగా పెట్టుకుంటాడు, అందుకోవడం అనే అసలు థీమే పోతుంది. "మాట్లాడగలిగే స్థితిలో" అనడం వల్ల సైలెన్స్ స్పెల్ వేస్తే ఇది ఆగిపోతుంది, శత్రువు చేతిలో కూడా ఒక దారి ఉండాలి కదా. దూరం కొలిచేది డై ఇచ్చేటప్పుడే, వేసేటప్పుడు కాదు, లేకపోతే పది నిమిషాల తర్వాత ఎవరెక్కడున్నారో వెతుక్కోవాలి.

తెలుగులో రాయాలా ఇంగ్లీష్‌లోనా అని కూడా చాలామంది అడుగుతున్నారు. ఫీచర్ పేరు, వర్ణన తెలుగులో పెట్టుకోండి, రూల్ పదాలు మాత్రం పుస్తకంలో ఉన్నవే ఉంచండి. "సేవింగ్ త్రో"ని అనువాదం చేస్తే టేబుల్ మీద ఎవరికీ అర్థం కాదు.

8. ఆడి చూడటం

మీరే రాసి మీరే ఆడితే అది టెస్ట్ కాదు, మీ మనసులో ఉన్నది మీకు తెలుసు కాబట్టి పేపర్ మీద లేకపోయినా సరిగ్గానే ఆడేస్తారు. పేపర్ ఇంకొకరి చేతికి ఇవ్వండి, ఏమీ వివరించొద్దు, చదివి "ఇది ఎలా పనిచేస్తుందో నువ్వు చెప్పు" అనండి. వాళ్లు తప్పు చెప్తే వాక్యం మార్చాలి, వాళ్లతో వాదించొద్దు.

తర్వాత ఒకే ఫైట్ రెండుసార్లు ఆడండి, అవే రాక్షసులు, అదే మ్యాప్. ఒకసారి కొలబద్ద సబ్‌క్లాస్‌తో, ఇంకోసారి మీదానితో. 3వ లెవల్లో ఒకసారి, 5 లేదా 6లో ఒకసారి చేస్తే చాలావరకు బయటపడుతుంది. నోట్‌బుక్‌లో రాసుకోవాల్సినవి ఇవి: ఫీచర్ ఎన్నిసార్లు వాడారు, ఎన్నిసార్లు వాడే అవకాశం ఉండీ మర్చిపోయారు, ఎన్నిసార్లు ఆట ఆపి రూల్ చదవాల్సి వచ్చింది, ఆ ఆటగాడి టర్న్ మిగతావాళ్లకన్నా ఎంత పొడుగైంది.

మర్చిపోవడం ఎక్కువగా ఉంటే ట్రిగ్గర్ సరైన చోట లేదని అర్థం. వంత ఫీచర్‌లో ఇది నిజంగా వచ్చే సమస్య, ఎందుకంటే ఇన్‌స్పిరేషన్ ఇచ్చేది ఇప్పుడు, డై వేసేది ఎప్పుడో. దానికి మందు రూల్ మార్చడం కాదు, డై ఇచ్చేటప్పుడే వంత ముందు ఒక టోకెన్ పెట్టండి, ఆన్‌లైన్‌లో ఆడుతుంటే వాళ్ల పేరు పక్కన ఒక గుర్తు. డై వేసిన వెంటనే టేబుల్ అంతా "తందాన తాన" అనాలని పెట్టుకుంటే ఇంక ఎవరూ మర్చిపోరు, పైగా ఆ మూడ్ వేరు.

మీ గ్రూప్ రోజుకి ఎన్ని ఫైట్లు ఆడుతుందో కూడా చూడండి. 2014 డంజన్ మాస్టర్స్ గైడ్ లెక్క ప్రకారం రోజుకి ఆరు నుంచి ఎనిమిది మీడియం లేదా హార్డ్ ఎన్‌కౌంటర్లు, మధ్యలో రెండు షార్ట్ రెస్టులు. కానీ హైదరాబాద్‌లో ఇద్దరు, డాలస్‌లో ఇద్దరు, వీకెండ్‌లో మూడు గంటలు డిస్కార్డ్‌లో కలిసే గ్రూపుల్లో గేమ్‌లోని ఒక రోజుకి ఒక ఫైట్ అయితే గొప్ప. అలాంటి చోట లాంగ్ రెస్ట్‌కి (రాత్రి నిద్ర లాంటి పెద్ద విశ్రాంతి) తిరిగొచ్చే ఫీచర్లు విపరీతంగా బలంగా కనిపిస్తాయి, అన్నీ ఒకే ఫైట్‌లో పేల్చేస్తారు కాబట్టి. షార్ట్ రెస్ట్ ఫీచర్లు నీరసంగా కనిపిస్తాయి. మీ టేబుల్‌ని బట్టే సంఖ్యలు పెట్టుకోండి, ఇంటర్నెట్‌లో ఎవరో అన్నదాన్ని బట్టి కాదు.

ఎక్కువగా చేసే తప్పులు

రోగ్‌ని మర్చిపోవడం. "మీ మిత్రుడు రియాక్షన్‌తో ఒక ఎటాక్ చేయొచ్చు" అని ఏ క్లాస్‌లో రాసినా ముందు రోగ్‌ని గుర్తు చేసుకోండి. స్నీక్ ఎటాక్ (రోగ్ దెబ్బకి కలిసే అదనపు డామేజ్) టర్న్‌కి ఒకసారి, రౌండ్‌కి ఒకసారి కాదు. వేరేవాళ్ల టర్న్‌లో ఎటాక్ దొరికితే రెండోసారి స్నీక్ ఎటాక్ పడుతుంది. మీరు ఇచ్చింది ఒక కత్తి దెబ్బ అనుకుంటారు, 11వ లెవల్లో అది అదనంగా 6డీ6.

ప్రొఫిషియెన్సీ బోనస్ అన్నిసార్లు అని రాయడం. ఈ బోనస్ క్యారెక్టర్ మొత్తం లెవల్‌ని బట్టి పెరుగుతుంది, క్లాస్ లెవల్‌ని బట్టి కాదు. మీ క్లాస్‌లో 3 లెవల్స్ మాత్రమే తీసుకుని మిగతా 14 వేరే క్లాస్‌లో తీసుకున్నవాడికి కూడా రోజుకి 6 సార్లు వస్తుంది. మల్టీక్లాస్ (ఒకే క్యారెక్టర్ రెండు క్లాసులు కలపడం) ఉన్న టేబుల్ అయితే ఎబిలిటీ మాడిఫయర్ పెట్టండి, లేదా క్లాస్ లెవల్‌కి కట్టేయండి.

బోనస్ యాక్షన్ కిక్కిరిసిపోవడం. టర్న్‌కి ఉండేది ఒక్కటే. బార్డ్‌కి ఇన్‌స్పిరేషన్ ఇవ్వడమే బోనస్ యాక్షన్, హీలింగ్ వర్డ్ కూడా బోనస్ యాక్షనే, మీ కొత్త ఫీచర్ కూడా బోనస్ యాక్షన్ అయితే దాన్ని ఎవరూ వాడరు. వంతని విడిగా కాకుండా ఇన్‌స్పిరేషన్‌తోనే కలిపేయడానికి కారణం ఇదే.

ఫీట్ (క్లాస్‌తో సంబంధం లేకుండా ఎంచుకునే అదనపు శక్తి) ఇప్పటికే చేసే పనిని ఫీచర్‌గా రాయడం. కర్రసాము ఫైటర్ రాద్దాం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, మంచి ఐడియా, కానీ అందరూ మొదట రాసేది "కర్ర రెండో కొసతో బోనస్ యాక్షన్ దెబ్బ". పోల్‌ఆర్మ్ మాస్టర్ ఫీట్ క్వార్టర్‌స్టాఫ్‌కి సరిగ్గా అదే ఇస్తుంది. ఆ ఫీట్ తీసుకున్న రోజు మీ సబ్‌క్లాస్‌కి విలువ సున్నా. కర్రసాములో వేరే పని వెతకండి, కర్ర తిప్పుతూ చుట్టూ ఉన్నవాళ్లని దగ్గరికి రానివ్వకపోవడం, బాణాన్నో రాయినో తప్పించడం, ఇలాంటివి. వాటికి రియాక్షన్ వాడొచ్చు, అది ఫైటర్‌కి చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది.

బలహీనతతో బాలెన్స్ చేద్దామనుకోవడం. "డామేజ్ డబుల్, కానీ నీళ్లంటే భయం" అన్నారనుకోండి, క్యాంపెయిన్‌లో నీళ్లు రాకపోతే అది ఫ్రీగా డబుల్, ప్రతి సెషన్లో నీళ్లొస్తే ఆటగాడికి నరకం. బలాన్నే తగ్గించండి.

డీఎంతో మాట్లాడటం

పేపర్ ఒక్క పేజీ దాటకూడదు. దాంతోపాటు మీరు పోల్చిన సబ్‌క్లాసుల పేర్లు, పైన వేసిన లెక్క రెండు మూడు లైన్లలో ఇవ్వండి. లెక్క చూపించినవాళ్లకి డీఎం కాదనడం నేను పెద్దగా చూడలేదు. ముందే ఒక మాట అనుకోండి: మూడు సెషన్ల తర్వాత ఇద్దరూ కూర్చుని చూస్తారు, అవసరమైతే సంఖ్యలు మారతాయి, అసలు కుదరకపోతే పుస్తకంలో ఉన్న సబ్‌క్లాస్‌కి మారిపోవచ్చు, అప్పుడు క్యారెక్టర్ పేరూ కథా అవే ఉంటాయి. మార్పు చేసేటప్పుడు ఒకసారికి ఒకటే మార్చండి. డై సైజు, దూరం, ఎన్నిసార్లు అనేవి మూడూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలీదు.

ఫైల్ పేరులో వెర్షన్ నంబర్, తేదీ పెట్టండి, పాత వెర్షన్లు డిలీట్ చేయొద్దు. బయట షేర్ చేసేటట్టయితే ఏ ఎడిషన్‌కి రాశారో మొదటి లైన్లోనే ఉండాలి, ఎస్ఆర్‌డీ లోంచి తీసుకున్న ముక్కలు ఉంటే లైసెన్స్ అడిగిన క్రెడిట్ లైన్ తప్పకుండా పెట్టండి. గ్లామర్, బాటిల్ మాస్టర్ లాంటివి ఎస్ఆర్‌డీ లో లేవు, కాబట్టి వాటి రూల్ టెక్స్ట్ కాపీ చేసి మీ పేపర్లో పెట్టొద్దు. పోల్చుకోవడానికి మీ నోట్‌బుక్‌లో ఉంటే చాలు.